సలాముకి ఆగే గొట్టం

మా ఇసెల్మూకి ఎవరైనా ఎదురుపడితే ఇక ఎక్కడి పని అక్కడ ఆగిపోవాల్సిందే. సలాము అంటాడు, చెయ్యి కలుపుతాడు, ఆ చేతిని గుండెకి ఆనించుకుంటాడు, ఆ తర్వాత అసలుది మొదలవుతుంది. క్షేమమా, ఇబ్బందేం లేదుగా, గుడారం ఎలా ఉంది, గుడారంలో వాళ్ళెలా ఉన్నారు, ఒంటెలెలా ఉన్నాయి, మేత దొరుకుతోందా, ఎటైనా వాన వాసన తగిలిందా, దారిలో అలిసిపోలేదు కదా, దేవుడి దయ, దేవుడి దయ, అయితే క్షేమమేనన్నమాట, ఇబ్బందేం లేనట్టేగా. అవతలివాడూ ఇవే ప్రశ్నలు ఇదే వరసలో అడుగుతుంటాడు. ఇద్దరూ ఒకేసారి అడుగుతారు, ఎవరూ జవాబు చెప్పరు. మా దేశంలో అందరమూ ఇంతే. కాకపోతే ఇసెల్మూ దీన్నొక విద్యలాగా సాధన చేశాడు. నేను అతనితో కాపురం చేసిన రోజుల్లో నీళ్ళకని బావికి పంపితే పొద్దువాలాక వచ్చేవాడు, ఖాళీ తోలుసంచితో. దారిలో మనుషులు కలిశారట. అందుకే విడాకులు పుచ్చుకున్నాను. మా దగ్గర ఆడదాని విడాకులూ పండగే, ఆ రోజు మా వాళ్ళందరూ డప్పు కొట్టి పాటలు పాడారు, నేను గోరింటాకు పెట్టుకున్నాను. ఇసెల్మూ కూడా వచ్చి అందరినీ పేరుపేరునా పలకరించి వెళ్ళాడు.

ఇప్పుడు అతనే నా పాలకేంద్రంలో సీసాల్లోకి పాలు పోసే మనిషి. ఇందులో వింతేమీ లేదు. మొగుడిగా పనికిరాని మనిషి పనివాడిగా పనికొస్తాడు. చేతివాటం లేదు, అబద్ధం రాదు, గుడారాల వాళ్ళందరికీ అతనంటే గురి.

అలెగ్ పట్నం వెళ్ళే రోడ్డు పక్కన కరెంటు స్తంభాల వరస ఆగిపోయే చోట రెండు గదుల సిమెంటు ఇల్లుంది, దాని ముందు రేకుల పందిరి. అదే నా కేంద్రం. చుట్టుపక్కల వాళ్ళు పొద్దున్నే పితికిన ఒంటె పాలు తెస్తారు, వాటిని సీసాలకెత్తి రాజధాని నువాక్షోట్ దుకాణాలకి పంపిస్తాను. నా రెండో విడాకుల తర్వాత పెట్టుకున్నాను దీన్ని. ఇది మూతపడితే నేను మా చెల్లెలు జైనబూ గుడారంలో ఒక మూల దిండుకి ఆనుకుని కూచోవాలి. జైనబూ మంచిదే. కానీ తెల్లారి లేచింది మొదలు, ఫలానా వాడికి పెళ్ళాం లేదు, ఫలానా వాడికి మంద ఉంది, మూడోసారైనా కుదురుగా ఉండు అంటూ నా చెవిలో పోరుపెడుతుంది. దానికంటే రోజూ క్యాన్లు తోముకోవడం నాకు హాయి.

అలా హాయిగా ఉండగా దుకాణాల వాళ్ళు కబురు పెట్టారు. ఇకమీదట పచ్చిపాలు తీసుకోం, వేడిచేసి చల్లార్చినవైతేనే పంపండి అని. నగరంలో పిల్లలకి కడుపు నొప్పులు వస్తున్నాయట. వాళ్ళ మాటా తప్పు కాదు.

కానీ ఒంటె పాలు మేం మరిగించం. ఆవు పాలు మరిగించుకో, మేక పాలు నీ ఇష్టం. ఒంటె పాలు మరిగితే మాత్రం ఆ ఒంటె పొదుగు పగులుతుంది, పాలు తగ్గిపోతాయి. మా తాతల నాటి నుంచీ ఇదే మాట. నువ్వు నమ్ముతావా అంటే, నమ్మనని గట్టిగా చెప్తాను. నా ఇంట్లో ఎప్పుడైనా మరిగించావా అంటే, ఎందుకొచ్చిన గొడవ, ఎప్పుడూ మరిగించలేదు.

మా చుట్టుపక్కల పెద్ద మంద మా అమ్మ తమ్ముడిది. ఆయన పేరు లెమ్రాబత్. ఎండుకట్టెలా సన్నగా, నిటారుగా ఉంటాడు, మాట పొదుపు. ఆయన ఎటు కదిలితే మిగతా గుడారాలూ అటే కదులుతాయి. దుకాణాల సంగతి చెప్పడానికి వెళ్ళి ఆయన చాప మీద కూచున్నాను. మూడు గ్లాసుల టీ అయ్యేదాకా నేను చెప్తూనే ఉన్నాను, ఆయన వింటూనే ఉన్నాడు. మూడో గ్లాసు కింద పెట్టి అప్పుడు నోరు విప్పాడు.

"వేడి చేస్తే చెయ్యమ్మా. వేడెక్కడం వేరు, మరగడం వేరు, ఆ మాత్రం నాకూ తెలుసు. ఎండలో పెడితే పాలు వేడెక్కవా ఏంటి? కానీ ఒక్క బుడగ లేచిందా, నా మంద ఉత్తరానికి వెళ్ళిపోతుంది. నీ మీద కోపంతో కాదు. నా ఒంటెలకి నేను మొహం చూపించుకోవాలి కదా."

ఇంటికొస్తూనే జైనబూ కూతురు నెవీసాకి ఫోన్ చేశాను. అది ట్యూనిస్‌లో చదువుకుంది. నువాక్షోట్ రేవు దగ్గర యంత్రాలు తయారుచేసే చోట పని. గొట్టంలో పారుతున్న దాన్ని, నీళ్ళు కానీ నూనె కానీ గాలి కానీ, పారుతుండగానే వేడిచేయడం దాని వృత్తి. నా గోడంతా విని, పాలని మరిగించాల్సిన పనే లేదు పెద్దమ్మా అంది. మరిగే వేడికి చాలా కిందనే క్రిములు చస్తాయట. ఆ వేడికి తెచ్చి, గట్టిగా ఊపిరి బిగబట్టినంత సేపు అలాగే ఉంచి, వెంటనే చల్లార్చేస్తే చాలట. గరాటులో పోస్తే గొట్టంలో వేడెక్కి, అటు వైపు చల్లనీళ్ళలోంచి పోయి, సీసాలో పడతాయి. ఇంతేనా అన్నాను. ఇంతే అంది. చదువుకున్న వాళ్ళు ఇంతే అన్నప్పుడల్లా నాకు కొంచెం గుబులుగా ఉంటుంది.

మొదటి యంత్రం నా నడుమంత లావుంది. ఉక్కు దిమ్మ, దాని పొట్టలో కరెంటు కడ్డీలు, మధ్యలోంచి పాలు పోయే దారి. పాలు చల్లనీళ్ళలోకి దిగే ముందు ఒక జానెడు గాజు గొట్టం బిగించింది, లోపల పాలెలా పోతున్నాయో లెమ్రాబత్ తాతయ్య తన కళ్ళతో చూసుకోవచ్చని. ముందు నీళ్ళు పోసి చూశాం. నెవీసా తానే బకెట్ పట్టుకుని ఆపకుండా పోసింది. వేడి చూపించే ముల్లు చెప్పిన చోట నిలబడి కదల్లేదు. నేను దాని నుదుటి మీద ముద్దు పెట్టుకున్నాను.

మర్నాడు పాలు. ఇసెల్మూ తలపాగా సర్దుకుని, దేవుడి పేరు తలుచుకుని, క్యాను ఎత్తి గరాటులోకి సన్నటి ధార వదిలాడు. తెల్లటి పాలు గాజులోంచి పాములాగా జారుతుంటే నాకు కళ్ళు చెమర్చాయి. అంతలో రోడ్డు మీద లారీ ఆగింది. డ్రైవర్ దిగి, నీళ్ళున్నాయా అంటూ పందిరి కిందకి వచ్చాడు. ఇసెల్మూ క్యాను కింద పెట్టాడు. సలాము అన్నాడు. ఆ డ్రైవరు గుడారం దగ్గర మొదలుపెట్టి అతని మేనమామ కాలునొప్పి దాకా వెళ్ళేసరికి యంత్రం లోపల్నుంచి గుడగుడమని శబ్దం వచ్చింది. గాజు నిండా బుడగలు. గరాటులోంచి నురగ పొంగుకొచ్చి దిమ్మ మీద పడి చుయ్యిమంది. మాడిన పాల వాసన పందిరంతా కమ్మేసింది.

నెవీసా పరిగెత్తి స్విచ్ ఆపింది. ఆపినా అది ఆగదే. దిమ్మ నిండా పేరుకున్న వేడి ఎక్కడికి పోతుంది? ఇంకా చాలాసేపు అలా కుతకుతమంటూనే ఉంది. ఇసెల్మూ దాని వంక చూసి, మళ్ళీ డ్రైవర్ వంక తిరిగి, ఇంతకీ ఆ కాలు తగ్గిందా అని అడిగాడు.

ఆ డ్రైవర్ అలెగ్ చేరేదాకా దారిలో ఎంతమందిని పలకరించాడో నాకు తెలీదు. మూడోనాడు లెమ్రాబత్ మామయ్య వచ్చాడు. కూచున్నాడు, టీ తాగాడు, బుడగ లేచిందని విన్నానన్నాడు. తన కంటితో చూడనిది తన లెక్కలోకి రాదన్నాడు. వచ్చే శుక్రవారం సాయంత్రం నమాజు అయ్యాక వస్తాననీ, ఆ రోజు తన జర్గా పాలు పోసి చూపించమనీ చెప్పి లేచాడు. జర్గా ఆయన మందలో పెద్దది, బూడిదరంగు ఒంటె. ఆయన ఇద్దరు పెళ్ళాలకీ దానంటే అసూయ.

అక్కడి నుంచీ మా తిప్పలు మొదలయ్యాయి. పాలు పారుతున్నంత సేపూ ఎవరూ ఎవరినీ పలకరించకూడదని నెవీసా చట్టం పెట్టింది. మొదటి రోజే మా పొరుగు ముసలావిడ వచ్చి సలాము అంటే ఇసెల్మూ తల వంచుకుని పాలు పోస్తూ ఉండిపోయాడు. అతని మెడ మీద నరాలు పొంగాయి, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ ముసలావిడ ఏడుస్తూ వెళ్ళిపోయి, సల్కా ఇంట్లో, అంటే నా ఇంట్లో, మర్యాద చచ్చిపోయిందని గుడారం గుడారానికీ చెప్పింది. ఆవిడని బతిమాలి తీసుకురావడానికి నాకు ఒక పూట పట్టింది.

సరే, పోస్తూనే పలకరించమన్నాం. చెయ్యి కలపకుండా పలకరింపేమిటి? కుడిచేత్తో చెయ్యి కలిపితే క్యాను ఎడంచేతికి పోవాలి. ఎడంచేత్తో పాలు పోసేవాడి పాలు ఎవరు ముట్టుకుంటారు? ఎత్తున తొట్టి పెట్టి కుళాయి బిగించాం. కుశలప్రశ్నలు అయ్యేలోపు తొట్టి ఖాళీ, గొట్టంలో మిగిలిన గుక్కెడూ మాడి మసి. పోనీ నేనే పోస్తానన్నాను. నా కేంద్రం కదా, వచ్చినవాడు ముందు నన్నే పలకరిస్తాడు. నెవీసా పోస్తానంది. పైదేశంలో చదివి వచ్చిన పిల్ల కదా, దాన్ని ఇంకా ఎక్కువ పలకరిస్తారు.

నెవీసాకి ఓపిక చచ్చింది. ఆ రోజు పందిరి కింద చెప్పులు విసిరికొట్టి, ఈ మనుషులతో ఏ యంత్రమూ పనిచేయదని తిట్టడం మొదలుపెట్టింది. ట్యూనిస్‌లో అయితే ఇలా ఉండదట, అక్కడ పాలు పోసేవాడు పాలే పోస్తాడట. ఇసెల్మూ తలదించుకుని ఒక మూల కూచున్నాడు. ఆ పలకరింపుల మీద నాకున్నంత కోపం ఈ ఎడారిలో ఎవరికీ లేదు, వాటి మూలంగా ఒక కాపురమే వదులుకున్నదాన్ని. అయినా ఇసెల్మూ అలా తల దించుకోవడం చూస్తే నాకెందుకో ఒళ్ళు మండింది.

"చాల్లే ఆపు," అన్నాను. "వాడు తండ్రి దగ్గర నేర్చుకున్నాడు, తండ్రి తాత దగ్గర నేర్చుకున్నాడు. నువ్వొచ్చి నాలుగు రోజుల్లో మార్చేస్తావా? మనుషులకి పాఠాలు చెప్పే బదులు ఆ ఇనప దిమ్మకి చెప్పు కాస్త మర్యాద. మనిషొచ్చాడంటే అందరం పని పక్కన పెట్టి లేస్తాం. అదొక్కటే ఎందుకు కుతకుతమంటూ కూచుంటుంది? దాన్నీ లెమ్మను."

నెవీసా చెప్పులు వెతుక్కుని వేసుకుంది. దిమ్మ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, కాలితో దాన్ని ఒక్క తన్ను తన్ని, "ఇంత లావు ఎందుకుంది ఇది?" అంది, తానే తయారుచెయ్యనట్టు.

ఆ సాయంత్రమే నువాక్షోట్ వెళ్ళి, రెండు రోజులకి గొట్టాలతో తిరిగొచ్చింది. వెల్డింగ్ వాళ్ళ దగ్గర ఉండేలాంటి ట్రాన్స్‌ఫార్మరు కూడా తెచ్చింది. ఈసారి దిమ్మ లేదు, కడ్డీలు లేవు. ఉన్నదల్లా టీ గ్లాసు అంచుకంటే పల్చటి స్టీలు గొట్టం, చుట్టలు చుట్టి ఉంది, దాని చివర ఆ పాత గాజు. కరెంటు ఆ గొట్టం ఒంట్లోంచే పారుతుందట. ఇనుము వేడెక్కి ఆ వేడి పాలకి పోవడం కాదు, పాలని పట్టుకున్న ఆ పల్చటి గోడే వేడెక్కుతుందట. దాచుకోవడానికి దానికి ఒళ్ళే లేదు కాబట్టి కరెంటు ఆగిన మరుక్షణం వేడీ ఆగుతుంది. గొట్టమే గిన్నె, గొట్టమే పొయ్యి. ముట్టుకుంటే చస్తామేమో అన్నాను. వోల్టేజీ చాలా తక్కువలే, షాక్ కొట్టదు అంది.

మరి మనిషొచ్చాడని దానికెలా తెలుస్తుంది అని అడిగాను. నెవీసా మొహం వెలిగిపోయింది. దాని చదువు గురించి సరైన ప్రశ్న నేను అడగడం అదే మొదటిసారనుకుంటాను. పాలు పారడం ఆగగానే గొట్టం ఇంకాస్త వేడెక్కబోతుంది కదా, వేడెక్కితే లోహం కరెంటుకి మునుపటికంటే కొంచెం ఎక్కువ అడ్డుపడుతుందట. ఆ కొంచెం తేడాని కనిపెట్టి కరెంటు కోసేసే చిన్న పెట్టె ఒకటి తగిలించింది, కరెంటు ఎంత పారుతోందో చూపే ముల్లు దాని మీదే ఉంది. అంటే వేరే థర్మామీటరు అక్కర్లేదు, తనకి జ్వరం వచ్చిందో లేదో గొట్టం తానే చెప్పుకుంటుంది. మళ్ళీ పాలు కదలగానే మళ్ళీ అందుకుంటుంది. అందుకునే లోపు సరిగా వేడెక్కకుండా జారిపోయే గుక్కెడు పాలు సీసాలోకి పోకుండా వెనక్కి గరాటులోకి మళ్ళించే మీట ఒకటి పెట్టింది. పని అయ్యాక కడిగి అదే గొట్టంలోంచి గాలి పంపిస్తే వేడిగాలి వచ్చి సీసాలు కూడా ఆరిపోయాయి. అది నాకు భలే నచ్చింది.

కానీ మొదటి గొట్టం ఎర్రబడి కన్నం పడింది. చిన్నపెట్టె మందకొడిగా ఉందని నెవీసా దాన్ని విప్పి మళ్ళీ బిగించింది. రెండో గొట్టంతో బుడగ రాలేదు కానీ పాలు గోడకి అంటుకున్నాయి. ఎంత త్వరగా ఆగాలో దాని లెక్కలో దానికి తెలుసు, కానీ ఇసెల్మూ ఎంత త్వరగా క్యాను దించుతాడో ఏ పుస్తకంలోనూ లేదు. కాబట్టి పరీక్ష అతనితోనే చెయ్యాలి. మరి అతిథి? ఊరిని పిలవలేం, బుడగ చూస్తే మళ్ళీ అలెగ్ దాకా పోతుంది. అతిథి వేషం నాకు పడింది.

ఆ రోజంతా నేను చేసిన పని చెప్తే జైనబూ ఇప్పటికీ పొట్ట పట్టుకు నవ్వుతుంది. పందిరి బయటికి పోవడం, ఎండలోంచి లోపలికి రావడం, నా మొదటి మొగుడికి సలాము చెప్పడం. అతను క్యాను దించడం. క్షేమమా, క్షేమమే. ఇబ్బందేం లేదుగా, లేదు. నెవీసా ముల్లు చూసి పెదవి విరిచి మళ్ళీ అనేది. నేను మళ్ళీ ఎండలోకి.

విసిగిపోయి ఒకసారి, ఎగతాళికే, "నీ గుడారం ఎలా ఉంది ఇసెల్మూ?" అన్నాను.

అతను ఎప్పటిలా నాకు అదే ప్రశ్న తిప్పి వెయ్యలేదు.

"బాగానే ఉంది సల్కా. కొంచెం ఖాళీగా ఉంటుంది, అంతే."

అన్నేళ్ళుగా వింటున్న పలకరింపుల్లో అసలైన జవాబు రావడం అదే మొదలు. వెనక నుంచి నెవీసా, "ఆగింది పెద్దమ్మా, ఆగింది," అని గెంతింది. సలాము మాట పూర్తయ్యేలోపే ముల్లు పడిపోయిందట. గాజులో పాలు తెల్లగా, కదలకుండా ఉన్నాయి. నేను వెళ్ళి గాజునే చూస్తూ నిలబడ్డాను. ఇసెల్మూ వైపు చూడడం కంటే అది సులువుగా ఉంది.

శుక్రవారం లెమ్రాబత్ మామయ్య జర్గా పాలు తానే మోసుకొచ్చాడు. గాజు ఎదురుగా చాప వేయించుకుని కూచున్నాడు. అప్పటికే ఊరంతా పందిరి కింద ఉంది. ఆ రోజు ఏడ్చి వెళ్ళిన మా పొరుగు ముసలావిడ ముందు వరసలో ఉంది. జైనబూ తల నుంచి కాళ్ళ దాకా చుట్టుకునే కొత్త మెల్హఫా కట్టుకుని మరీ వచ్చింది. నా కేంద్రం మూతపడితే నన్ను తీసుకెళ్ళి కూచోబెట్టడానికి దిండ్లు సర్దే వచ్చిందని నా అనుమానం.

ఇసెల్మూ పోశాడు. పాలు జారాయి. ఒకడొచ్చాడు, ఇసెల్మూ దించాడు, పలకరించాడు, ఎత్తాడు. ఇంకొకడొచ్చాడు. వాడి తమ్ముడొచ్చాడు. ఆగడం, పారడం, ఆగడం, పారడం, బుడగ లేదు. నెవీసా ముల్లు మీంచి చూపు తిప్పలేదు. నేను మాత్రం ప్రతి సలాముకీ ఒకసారి చచ్చి బతుకుతున్నాను.

అప్పుడు లెమ్రాబత్ మామయ్య లేచాడు. ఎవరితో ఏమీ అనకుండా రోడ్డు దాకా నడిచి, అక్కణ్ణుంచి వెనక్కి తిరిగి, అప్పుడే ఉత్తరం నుంచి వస్తున్నవాడిలా పందిరి కిందకి వచ్చి, ఇసెల్మూకి సలాము చెప్పాడు. అలాంటి పలకరింపు నేను నా జన్మలో వినలేదు. గుడారాలు అయ్యాయి, బావులు అయ్యాయి, ఎప్పుడో పోయినవాళ్ళ ఆత్మలకి శాంతి కోరడం అయింది. ఇసెల్మూ దగ్గరున్న మూడు ఒంటెలనీ, వాటి తల్లులనీ, ఆ తల్లులు ఏ వానకాలంలో ఎక్కడ మేశాయో కూడా పేరుపేరునా అడిగాడు. ఇసెల్మూ ఒక్క మాట వదల్లేదు. జీవితంలో మొదటిసారి తనకి దీటైన వాడు దొరికినట్టు మొహం వెలిగిపోతూ అప్పజెప్పాడు. ఊరు ఊపిరి బిగబట్టి చూసింది. గాజులో పాలు నిద్రపోయినట్టున్నాయి.

మామయ్య కూచుని, నిండిన సీసా ఇమ్మన్నాడు. చెక్కగిన్నెలో ఒంపుకుని తాగాడు. మళ్ళీ తాగాడు. గిన్నె కింద పెట్టి నా వంక చూశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు.

"ఇవి పచ్చిపాలు," అన్నాడు. "కాచిన వాసన లేదు, రుచి మారలేదు. నువ్వు అసలు వేడి చెయ్యనే లేదు. అక్క కూతురివి, నన్ను మోసం చేస్తావనుకోలేదు సల్కా."

బుడగ లేస్తే మంద పోతుందనుకున్నాం కానీ లేవకపోతే పరువే పోతుందని ఎవరు అనుకున్నారు? నెవీసా ముల్లు చూపించి, అంకెలు చెప్పబోయింది. మామయ్య దాని వైపు తిరగనేలేదు. నా ఒళ్ళు భగ్గుమంది. ఇన్ని రోజుల కష్టం, ఎండలో తిరుగుళ్ళు, ఆ పలకరింపులు, అన్నీ ఒక్కసారి గొంతులోకి వచ్చాయి.

"ఇసెల్మూ, పొయ్యి," అన్నాను. "మామయ్యా, నువ్వు ఆ గాజు పట్టుకో."

ఇసెల్మూ పోశాడు. మామయ్య తాపీగా చెయ్యి చాచి గాజు గొట్టాన్ని గుప్పిట పట్టుకున్నాడు. పట్టుకున్నంత వేగంగానూ వదిలేసి, వేళ్ళు నోట్లో పెట్టుకున్నాడు. ఆయన దేనికైనా తొందరపడడం నేను చూడడం అదే మొదలు. నవ్వొస్తున్నా ఎవరూ నవ్వలేదు, అందరూ తలపాగాలు నోటికి అడ్డం లాక్కున్నారు. జైనబూ ఒక్కతే దగ్గుతున్నట్టు నటించింది.

"వేడిగానే ఉంది," అన్నాడాయన గంభీరంగా, వేళ్ళు చూసుకుంటూ. తర్వాత, "నా సంగతి అయింది. ఇక జర్గా ఏమంటుందో చూడాలి. రేపు పొద్దున పితికితే తెలుస్తుంది," అని లేచి వెళ్ళిపోయాడు.

మర్నాడు నేను టీ కాచాను కానీ తాగలేదు. నమ్మనని గట్టిగా చెప్పేదాన్ని కదా, ఆ పొద్దున ఒంటె పొదుగు తప్ప నాకు ఇంకేమీ గుర్తు రాలేదు. నెవీసా గొట్టం తుడిచిందే తుడుస్తోంది. ఇసెల్మూ రోడ్డు వైపు చూస్తూ కూచున్నాడు. ఎండ పందిరి గుంజ దాకా వచ్చేసరికి ఇసక దిబ్బ మీద గాడిద కనబడింది, దాని పక్కన ఎండుకట్టెలాంటి మనిషి. గాడిద మీద మూతలు బిగించిన క్యాన్లు. నిండుగా ఉన్నాయో, ఖాళీవి తిరిగివ్వడానికి తెస్తున్నాడో అంత దూరం నుంచి తెలియలేదు.

ఎదురెళ్ళాను. నోటి చివర ఒకటే ప్రశ్న. కానీ ఆయన సలాము అన్నాడు. ఇక చేసేదేముంది? క్షేమమా మామయ్యా, క్షేమమే. గుడారం ఎలా ఉంది, బాగుంది, దేవుడి దయ. పెద్దత్త ఎలా ఉంది, చిన్నత్త ఎలా ఉంది. ఒంటెలు ఎలా ఉన్నాయి, బాగున్నాయి, దేవుడి దయ. జర్గా ఎలా ఉంది? బాగుంది, దేవుడి దయ. మా దేశంలో కొన ఊపిరితో ఉన్నవాడు కూడా అలాగే చెప్తాడు, ఆ మాటని పట్టుకుని ఏం చేసుకోను? అయినా ఒక్క ప్రశ్న వదల్లేదు. మేత అడిగాను, బావి అడిగాను, వాన వాసన అడిగాను, వేళ్ళ మంట తగ్గిందా అని కూడా అడిగాను. అన్నిటికీ ఓపిగ్గా జవాబిచ్చి, నేను అడగాల్సింది ఇంకేమీ మిగల్లేదని చూసుకుని, అప్పుడు గాడిద మీంచి క్యాను దించాడు. దించేటప్పుడు ఆయన భుజం కిందకి లాగింది. నిండుకుండ బరువు.

"గరాటేదమ్మా?" అన్నాడు.

అంతే అన్నాడు. నాకు ఏడుపు వచ్చింది, అందరి ముందూ వచ్చింది, దాచుకోలేదు. నెవీసా స్విచ్ వేసింది. ఇసెల్మూ తలపాగా సర్దుకుని, దేవుడి పేరు తలుచుకుని, క్యాను ఎత్తాడు. ధార సన్నగా గరాటులోకి జారింది, ముల్లు లేచి తన చోట నిలబడింది.

నేను పందిరి బయటికి నడిచాను. ఎండలో ఒక్క క్షణం నిలబడి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ లోపలికొచ్చాను.

"సలాము ఇసెల్మూ," అన్నాను. "నీ గుడారం ఎలా ఉంది?"

ఈసారి పరీక్ష ఏమీ లేదని అతనికీ తెలుసు. క్యాను కింద పెట్టి నా వైపు తిరిగాడు. ముల్లు పడిపోయింది, గాజులో పాలు కదలకుండా ఆగాయి. అతను చెప్పడం మొదలుపెట్టాడు, నేను కూచుని మొత్తం విన్నాను.